ఫీట్లు నేర్చుకోవడానికి ఏ బండి?

కొల్లేటి పక్కన ఒక ఊరు. ఊరి చుట్టూ చేపల చెరువులు. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది. రోజూ చెరువుల మీద కూలి పనికి పోతుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు సంతకం చేస్తుంది. బస్సు మీద బోర్డు చదువుతుంది. లెక్క కూడా చూసుకుంటుంది.

ఆమె కొడుక్కి 19 ఏళ్లు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

“అమ్మా, నాకు బండి కొనిపెట్టు.”

“ఇంట్లో నాన్న బండి ఉంది కదరా?”

“అది కాదమ్మా. నేను ఫీట్లు నేర్చుకుంటాను. ఇదిగో చూడు.”

ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. ఒక కుర్రాడు మోటారు సైకిల్ ముందు చక్రం గాలిలోకి లేపాడు. వెనక చక్రం ఒక్కదాని మీదే బండి నడుపుతున్నాడు. చుట్టూ జనం ఈలలు వేస్తున్నారు.

“బండి పేరు డ్యూక్ 200. కొత్తది కొనాలంటే రెండు లక్షలు దాటుతుంది. సంఘంలో లోను తియ్యమ్మా.”

ఆ తల్లికి ముద్ద దిగలేదు. లోను అంటే అప్పు. నెల నెలా కట్టాలి. అప్పు సంగతి అలా ఉంచితే, పిల్లవాడి ప్రాణం సంగతి ఏమిటి? వద్దని ఒక్క మాట అనవచ్చు. వద్దంటే ఊరుకుంటాడా? స్నేహితుడి బండి అడుగుతాడు. ఎవరూ చూడని చెరువు గట్టు మీద నేర్చుకుంటాడు. అది ఇంకా ప్రమాదం.

ఆమె ఆలోచించింది. “సరే. ఈ విద్య తెలిసినవాళ్లు ఏ బండి మీద నేర్చుకుంటారో ముందు కనుక్కుందాం. ఆదివారం ఏలూరు పోదాం పద” అంది.

ఏలూరులో వాళ్లకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. వయసు 50 దాటింది. ఎన్నో బండ్లు విప్పి బిగించిన చెయ్యి. ఆయన చెప్పిన విషయాలు అందరూ తెలుసుకోవలసినవే.

నూతిలో తిరిగే బండి

“చెల్లెమ్మా, తిరునాళ్లలో నూతిలో మోటారు సైకిల్ తిప్పే ఆట చూశావా?” అని మెకానిక్ అడిగాడు.

ఆమె చిన్నప్పుడు చూసింది. చెక్కలతో కట్టిన పెద్ద గుండ్రటి నుయ్యి. జనం పైన నిలబడి లోపలికి చూస్తారు. మోటారు సైకిల్ ఆ గోడ మీద గిరగిరా తిరుగుతుంది. కింద పడదు.

ఎందుకు పడదు? చిన్న బకెట్టులో నీళ్లు పోసి చేత్తో గిర్రున తిప్పండి. బకెట్టు తలకిందులైనా నీళ్లు ఒలకవు. తిరిగే వేగానికి నీళ్లు బకెట్టు అడుక్కి అతుక్కుని ఉంటాయి. బండి కూడా అలాగే గోడకు అతుక్కుని తిరుగుతుంది. వేగం తగ్గితే జారిపోతుంది.

“ఆ నూతిలో ఏ బండి వాడతారో చూశావా అబ్బాయ్? ఖరీదైన కొత్త బండి వాడరు. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి చిన్న పాత బండి వాడతారు. దాని బరువు సుమారు 100 కిలోలు. తేలికగా ఉంటుంది. చెప్పినట్టు వింటుంది. చెడిపోతే అక్కడే బాగుచేసుకోవచ్చు.”

కుర్రాడు తల గోక్కున్నాడు. “అయితే ఆర్‌ఎక్స్ 100 కొనమంటారా?” అన్నాడు.

“వద్దు. ఆ బండి మన దేశంలో 1985లో వచ్చింది. 1996లో తయారీ ఆపేశారు. ఇప్పుడు మోజు కొద్దీ కొనేవాళ్లున్నారు. అందుకని ధర ఎక్కువ. మంచి సామాను దొరకడం కష్టం. ఆ బండి నీకొద్దు. దాన్నుంచి ఒక సంగతి నేర్చుకో. ఫీట్లకు కావలసింది పెద్ద బండి కాదు, మన మాట వినే బండి.”

ముందు చక్రం ఎలా లేస్తుంది?

ముందు చక్రం లేపడాన్ని కుర్రాళ్లు ‘వీలీ’ అంటారు. వెనక చక్రం లేపడాన్ని ‘స్టాపీ’ అంటారు.

ఎడ్లబండిలో వెనక వైపు బరువు ఎక్కువైతే ఏమవుతుంది? కాడి పైకి లేచిపోతుంది. వీలీ కూడా అలాంటిదే. బండిని ఒక్కసారిగా రైజ్ చేస్తే వెనక చక్రం గట్టిగా ముందుకు తోస్తుంది. బరువంతా వెనక్కి వాలుతుంది. ముందు చక్రం తేలుతుంది.

రైజ్ మరీ ఎక్కువైతే బండి వెనక్కి తిరగబడుతుంది. మనిషి వీపు మీద పడతాడు. తల నేలకు కొట్టుకుంటుంది. పైన బండి పడుతుంది.

మరి ఆపేది ఎలా? వెనక బ్రేకుతో. వెనక బ్రేకు నొక్కితే లేచిన ముందు చక్రం కిందికి దిగుతుంది. లేచిన కాడిని చేత్తో పట్టి కిందికి దించినట్టే. అందుకని ఫీట్లు తెలిసినవాళ్లు కుడి పాదం వెనక బ్రేకు మీదనుంచి తియ్యరు. చక్రం లేపడం తరవాత. దించడం ముందు నేర్చుకోవాలి.

బండిలో ఏం చూడాలి?

మెకానిక్ నాలుగు విషయాలు చెప్పాడు.

మొదటిది బరువు. ధాన్యం బస్తా 75 కిలోలు. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండి సుమారు 112 కిలోలు. అంటే బస్తాన్నర. అపాచీ 160, పల్సర్ 150 లాంటి బండ్లు 140 కిలోలు, ఆపైన ఉంటాయి. అంటే దాదాపు రెండు బస్తాలు. బుల్లెట్ 350 సుమారు 190 కిలోలు. అంటే రెండున్నర బస్తాలు. నేర్చుకునేవాడు పడకుండా నేర్చుకోడు. బండి కాలి మీద పడితే ఎంత బరువు పడుతుందో లెక్క వేసుకోవాలి. ఒక పరీక్ష ఉంది. బండిని మెల్లగా నేల మీద పడుకోబెట్టాలి. నేర్చుకునేవాడు ఒక్కడే దాన్ని లేపి నిలబెట్టాలి. లేపలేకపోతే ఆ బండి వాడికి పెద్దది.

రెండోది సీటు ఎత్తు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. మునివేళ్లు మాత్రమే ఆనితే ఆ బండి వద్దు. మెల్లగా పోయేటప్పుడు కాలే ఆధారం.

మూడోది బ్రేకులు. వెనక బ్రేకు ప్రాణం లాంటిది. కొద్దిగా నొక్కితే కొద్దిగా పట్టాలి. గట్టిగా నొక్కితే గట్టిగా పట్టాలి. ఉంటే ఒక్కసారిగా పట్టెయ్యడం, లేకపోతే అసలు పట్టకపోవడం ఉంటే ఆ బ్రేకు పనికిరాదు. క్లచ్చి కూడా మెత్తగా ఉండాలి.

నాలుగోది రిపేరు ఖర్చు. బండి చుట్టూ ప్లాస్టిక్ తొడుగులు ఉంటే చూపుకు బాగుంటాయి. ఒక్కసారి పడితే పగిలిపోతాయి. వేలల్లో ఖర్చు. తొడుగులు లేని బండి మేలు. దాని సామాను ఏలూరులో, తాడేపల్లిగూడెంలో దొరకాలి. ఏ మెకానిక్ అయినా బాగుచేసేదిగా ఉండాలి.

మొదటి బండి, రెండో బండి

“100 సీసీ బండి ముందు చక్రం తేలిగ్గా లేవదు కదా బాబాయ్?” అని కుర్రాడు అడిగాడు.

“లేవదు. అందుకే అది మొదటి బండి” అన్నాడు మెకానిక్.

ఫీట్లకు పునాది వేగం కాదు. నిదానం. మనిషి నడిచేటంత మెల్లగా, కాలు కింద పెట్టకుండా బండి నడపాలి. 8 అంకె ఆకారంలో తిప్పాలి. చిన్న వలయంలో తిప్పాలి. చెప్పిన గీత దగ్గర ఆపాలి. ఇవన్నీ పాత 100 సీసీ బండి మీద నేర్చుకోవచ్చు. సైకిల్ మీద కూడా సగం నేర్చుకోవచ్చు. ఇవి కొన్ని నెలల పని.

ఇవన్నీ వచ్చాక రెండో బండి. 150, 160 సీసీ పాత బండి సరిపోతుంది. దానికి శక్తి ఉంటుంది, మరీ ఎక్కువ ఉండదు. ప్రదర్శనల్లో డ్యూక్ 200 లాంటివి నడుపుతారు. ఆ నడిపేవాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లు. ఫోనులో కనపడేది చివరి మెట్టు. కింది మెట్లు ఎవరూ చూపించరు.

పాత బండి కొనేటప్పుడు

పాత బండికి ముందు సి-బుక్ చూడాలి. అందులో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. అవే నంబర్లు బండి మీద కూడా చెక్కి ఉంటాయి. రెండూ ఒకటేనా అని ఒక్కొక్క అంకె పోల్చుకోవాలి. మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి రాకపోయినా ఫరవాలేదు. బొమ్మను బొమ్మతో పోల్చినట్టు పోల్చవచ్చు. అంకెలు మనకు వచ్చినవే.

ఆ తల్లీ కొడుకులు ఆ రోజు ఒక పాత బండి చూశారు. రంగు మెరుస్తోంది. ధర తక్కువ. కుర్రాడు అప్పుడే ఎక్కి కూర్చున్నాడు. తల్లి సి-బుక్ చేతిలోకి తీసుకుంది. బండి దగ్గర కూర్చుని చీర కొంగుతో నంబరు మీద మట్టి తుడిచింది. వేలు పెట్టి చదివింది.

“ఇక్కడ 3 ఉంది. పుస్తకంలో 8 ఉంది” అంది.

“ఏం కాదు లెండి. అదంతా మేం చూసుకుంటాం” అన్నాడు అమ్మేవాడు.

“మేం చూసుకున్నాం బాబూ” అని ఆమె పుస్తకం తిరిగి ఇచ్చేసింది. నంబర్లు కలవని బండి దొంగ బండి కావచ్చు. కొన్నవాళ్లు పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలి.

ఇంకా చూడవలసినవి ఉన్నాయి. బండి మీద ఫైనాన్స్ బాకీ ఉంటే ఆ కంపెనీ పేరు సి-బుక్‌లో ఉంటుంది. బాకీ తీరినట్టు కాగితం అడగాలి. బీమా ఉందా, చలాన్లు కట్టారా అని చూడాలి. కొన్న తరవాత ఆలస్యం లేకుండా మన పేరుకు మార్పించుకోవాలి.

తరవాత మెకానిక్ చేత చూపించాలి. బండి యాక్సిడెంట్‌లో వంగిందా? ముందు షాకుల నుంచి ఆయిల్ కారుతోందా? హ్యాండిల్ దగ్గర లూజు ఉందా? చైను సాగిందా? వంగిన బండి ఎంత చవకైనా వద్దు.

ఇంటి బండి వేరు, ఫీట్ల బండి వేరు

నాన్న చేపలు తీసుకుపోయే బండి మీద ఫీట్లు చెయ్యకూడదు. ఫీట్లకు బండి త్వరగా పాడవుతుంది. చైను తెగుతుంది. ముందు చక్రం ధనామని పడి షాకులు పోతాయి. చక్రం చాలాసేపు పైకి ఉంటే ఇంజిన్‌లో ఆయిల్ వెనక్కి చేరుతుంది. కావలసిన చోటికి అందదు. ఇంజిన్ పట్టేస్తుంది. సీజ్ అయిందని మెకానిక్‌లు అనేది దీన్నే. బండి పోతే ఇంటి సంపాదన పోతుంది.

ఫీట్ల కోసం కొందరు బండికి ఇనప గార్డులు బిగిస్తారు. వెనక పళ్ల చక్రం మారుస్తారు. అలా మార్చిన బండిని రోడ్డు మీద తిప్పకూడదు. ట్రాలీ ఆటోలో మైదానానికి తీసుకుపోవాలి.

ఎక్కడ నేర్చుకోవాలి?

చెరువు గట్టు పనికిరాదు. రెండు పక్కలా నీళ్లు. గట్టు మట్టి జారుతుంది. బండితో సహా చెరువులో పడితే తీసేవాళ్లు ఉండరు.

రోడ్డు పనికిరాదు. ఏలూరు, కైకలూరు వైపు రోడ్ల మీద చేపల లారీలు తిరుగుతాయి. వాటినుంచి నీళ్లు కారి రోడ్డు జారుతుంది. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద చక్రం నిలవదు. హైవే సంగతి చెప్పనే అక్కరలేదు.

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. ఆటపాకలో పెలికాన్ పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి. సైలెన్సర్ తీసిన బండి మోతకు పక్షులు బెదురుతాయి. అక్కడ వద్దు.

చదునైన, మూసి ఉన్న, జనం రాని మైదానం కావాలి. స్థలం ఎవరిదో వారి అనుమతి కావాలి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే ఉంది. పొడుగ్గా, చదునుగా ఉంటుంది. అలాంటి చోటు చూస్తే కుర్రాళ్లకు చెయ్యి దురద పెడుతుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన మనది కాదు. జనం నడిచే చోట ఫీట్లు చెయ్యకూడదు. మోటారు సైకిల్ పందేల కోసం కట్టిన ట్రాకులు చెన్నై దగ్గర, కోయంబత్తూరు దగ్గర ఉన్నాయి.

ఒంటరిగా ఎప్పుడూ నేర్చుకోకూడదు. పక్కన తెలిసినవాళ్లు ఉండాలి. పడినవాడు లేవలేకపోతే లాగి కూర్చోబెట్టవద్దు. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలి ఉండవచ్చు. 108కి ఫోను చెయ్యాలి.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దానికి చేసిన మార్పులు 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. జరిమానాలు బాగా పెరిగాయి.

రోడ్డు మీద పందేలు పెడితే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా. 3 నెలల దాకా జైలు కూడా వెయ్యవచ్చు. ప్రమాదకరంగా నడపడం వేరే నేరం. దానికీ జైలు ఉంది. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయలు.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసింది ఒకటుంది. గేర్ల బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. మైనర్ పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులది, లేదా బండి యజమానిది కూడా తప్పే. 25,000 రూపాయల జరిమానా. 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పిల్లవాడు తనకు తెలియకుండా తీసుకుపోయాడని తల్లి చెప్పవచ్చు. అది నిజమని రుజువు చేసుకోవలసింది కూడా ఆమే.

ఫీట్లు చేస్తూ బండి విరిగితే బీమా కంపెనీ డబ్బులు ఇవ్వనని అనవచ్చు.

ఒంటికి రక్షణ

బండి డబ్బులన్నీ బండికే పెట్టకూడదు. ముందు హెల్మెట్ కొనాలి. గడ్డం దాకా కప్పేది కావాలి. దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్లీ వాడకూడదు. పైకి బాగానే కనపడుతుంది. లోపల నలిగి ఉంటుంది.

మోకాళ్లకు, మోచేతులకు గార్డులు కావాలి. చేతులకు తొడుగులు, చీలమండ దాకా బూట్లు, వీపుకు గార్డు కావాలి. చెప్పులతో, లుంగీతో బండి ఎక్కకూడదు.

ఆడవాళ్లూ చేస్తున్నారు

ఈ విద్య మగపిల్లలదే అనుకోకండి. సరిహద్దు భద్రతా దళంలో ‘సీమా భవాని’ అనే మహిళల జట్టు ఉంది. 2018 జనవరి 26న ఢిల్లీలో వాళ్లు విన్యాసాలు చేశారు. వందమందికి పైగా మహిళలు 26 బుల్లెట్ బండ్ల మీద నిలబడి, పడుకుని, మెట్లు మెట్లుగా ఎక్కి చూపించారు.

వాళ్లు బుల్లెట్ ఎందుకు వాడారు? ఆ విన్యాసంలో ముందు చక్రం లేపరు. ఒకే వేగంతో మెల్లగా పోవాలి. పైన చాలామంది నిలబడాలి. అందుకు బరువైన బండి కదలకుండా పోతుంది. పనిని బట్టి బండి. వాళ్ల వెనక నెలల శిక్షణ ఉంది. మూసిన మైదానం ఉంది. చెప్పేవాళ్లు ఉన్నారు.

ఆ తల్లి ఏం చేసింది?

తిరుగు బస్సులో కుర్రాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక తల్లి చెప్పింది.

“లోను తియ్యను. నా పొదుపులో ఉన్నంతలో పాత 100 సీసీ బండి కొంటాను. దానికంటే ముందు హెల్మెట్ కొంటాను. లైసెన్సు తెచ్చుకో. కాలు కింద పెట్టకుండా ఈ కొస నుంచి ఆ కొసకు, నేను నడిచేటంత మెల్లగా నడిపి చూపించు. రోడ్డు మీద ఒక్కసారి చక్రం లేపావని తెలిసినా బండి అమ్మేస్తాను.”

“పెద్ద బండో?” అన్నాడు కుర్రాడు.

“అది నీ సంపాదనతో కొనుక్కో. అప్పటికి నీకు పని కూడా వస్తుంది.”

నాలుగు రోజులు అలిగాడు. అయిదో రోజు బడి మైదానంలో పాత సైకిల్ మీద 8 అంకె వేస్తూ కనపడ్డాడు. రెండుసార్లు కాలు కింద పెట్టాడు. మూడోసారి పెట్టలేదు. ఆ తల్లి గోడ పక్కన నిలబడి లెక్కపెట్టింది.

ఆలోచించండి, చెప్పండి

1. లేచిన ముందు చక్రాన్ని కిందికి దించేది ఏది?
2. నేర్చుకునేవాడికి బండి పెద్దదో కాదో తెలుసుకునే పరీక్ష ఏమిటి?
3. సి-బుక్‌లో ఏ నంబర్లు చూడాలి? దేనితో పోల్చాలి?
4. మైనర్ పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే చట్టం తల్లిదండ్రులను ఏం చేస్తుంది?
5. మీ ఊరి కుర్రాళ్లు బండ్లు ఎక్కడ నేర్చుకుంటున్నారు? అది సరైన చోటేనా? సంఘం సమావేశంలో మాట్లాడండి.